వ్రేలెడు మోడెము: పుట్టుక, వాడుక

మన ఇండ్లలో బల్లసొరుగులు వెదకిచూచినచో, పాత తాళపుచెవులకును ఆరిపోయిన బ్యాటరీలకును నడుమ, వ్రేలెడు పొడవుగల ప్లాస్టిక్ వస్తువొకటి పలుచోట్ల కానవచ్చును. ఒక కొసకు మూత యుండును. మూత తీసినచో లోపల చదునైన లోహపు నాలుక. ప్రక్కనున్న చిన్న పలకను జరపినచో సిమ్ కార్డును దూర్చు చోటు. దీనిని డాంగిల్ అనువారు కొందరు, డేటా కార్డు అనువారు కొందరు, ఉత్త 'నెట్టు' అని సరిపెట్టుకొనువారు కొందరు. శాస్త్రీయముగా చెప్పవలెనన్న ఇది యు.ఎస్.బి. మొబైల్ బ్రాడ్‌బ్యాండ్ మోడెము. 2009 మొదలు ఇంచుమించు ఏడెనిమిదేండ్లపాటు, టెలిఫోను తీగ రాని ఇంటికిని, హాస్టలు గదికిని, బదిలీల ఉద్యోగి అద్దెయింటికిని ఇంటర్నెట్టును మోసికొనివచ్చినది ఇదియే. 4జి రూపమున నేడును అంగళ్లలో దొరకుచున్నది.

దీనిని అమర్చుకొను విధమును ఒక చీటీపై నాలుగు వాక్యములలో వ్రాసి ఇయ్యవచ్చును. కాని ఆ నాలుగు వాక్యములు ఎందుకు వచ్చినవో తెలియనివారికి అవి అర్థము తెలియని మంత్రములవలె తోచును. ఈ పరికరమునకున్న ప్రతి వింత అలవాటునకును, దాని విషయమై మనము తీసికొనవలసిన ప్రతి జాగ్రత్తకును ఒక తేదీ కలదు. అందుచేత మేము కథను మొదటినుండి చెప్పుచు, పని తగిలినచోటనెల్ల కొంచెము ఆగెదము.

మోడెము అను మాట రెండు మాటల అతుకు: మాడ్యులేషన్, డీమాడ్యులేషన్. రేడియో గల ఇంటివారికి మొదటి మాట క్రొత్తది కాదు. గాయకుని గళమును రేడియో తరంగముపై ఎక్కించుట మాడ్యులేషన్. మీ ఇంటి సెట్టు దానిని మరల దింపి స్పీకరునకు అందించుట డీమాడ్యులేషన్. కంప్యూటరు పలుకునది గళము కాదు, సున్నలును ఒకట్లును. వానిని మనుష్యుల సంభాషణకై వేసిన టెలిఫోను తీగపై పంపవలెనన్న మొదట ధ్వనులుగా మార్చవలెను. అమెరికాలో ఏ.టి. అండ్ టి. సంస్థ 1962లో తెచ్చిన బెల్ 103 మోడెము ఈ పనిని సెకనుకు 300 బిట్ల వేగమున చేసెను. అక్షరమునకు పది బిట్ల లెక్కను, సెకనుకు 30 ఇంగ్లీషు అక్షరములు. తీరికగా చదువుకొను మనిషి చూపునకు అది చాలు వేగమే.

ఆ దినములలో అమెరికా టెలిఫోను సంస్థ తన తీగకు పరాయి పరికరమును తగిలింపనిచ్చెడిది కాదు. అందుకు కొందరు ఒక ఉపాయము పన్నిరి. రెండు రబ్బరు గిన్నెలుగల పెట్టెను చేసి, టెలిఫోను రిసీవరును వానిలో బోర్లించిరి. తీగను తాకకయే, కూతను టెలిఫోను చెవిలో ఊది పని జరపుకొనిరి. టెక్సస్ వ్యాపారి థామస్ కార్టర్ తన పరికరము విషయమై నడపిన వివాదమున, 1968లో అమెరికా ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ తీర్పు చెప్పెను. తీగకు హాని చేయని పరికరమును తగిలించుకొనకుండ చందాదారుని అడ్డగించు నిబంధన చెల్లదని ఆ తీర్పు సారము. చిత్రమేమన, కార్టర్ పోరాడినది మోడెము కొరకు కాదు. ఆయన పరికరము, చమురుబావుల వంటి దూరపు తావులలో పనిచేయువారి రేడియో సంభాషణను టెలిఫోను తీగతో కలుపునది. గాలిలోని మాటను తీగలోని మాటతో ముడివేయు తలపు అందును కలదు.

1981లో హేస్ అను సంస్థ స్మార్ట్‌మోడెమును తెచ్చెను. అంతవరకు సామాన్య గృహస్థుడు నంబరును తానే త్రిప్పి, అవతలి కూత వినబడగానే మోడెమును కలుపుకొనవలసియుండెడిది. హేస్ మోడెము కంప్యూటరు ఆజ్ఞాపించినచో తానే డయలు చేయును. కాని ఇందొక చిక్కు కలదు. ఆజ్ఞయు సమాచారమును ఒకే త్రోవను పోవుచున్నవి. ఏది మోడెముతో చెప్పిన మాట, ఏది అవతలివానికి పంపవలసిన మాట? హేస్ వారు ప్రతి ఆజ్ఞకు ముందు ఏ, టి అను రెండక్షరములు చేర్చిరి. అటెన్షన్ అను ఇంగ్లీషు మాటకు అది పొడి. మన భాషలో 'ఓయీ, వినుము' అన్నట్లు. విన్న మోడెము 'ఓకే' అని బదులిచ్చును. సమాచారము నడుమ మరల ఆజ్ఞ ఇయ్యవలెనన్న, ఒక సెకను మౌనము, తరువాత మూడు కూడిక గుర్తులు, మరల ఒక సెకను మౌనము. స్టూడియోలో పనిచేయు మావంటివారికి సెకను మౌనమన్న గుండె దడ. ఇచ్చట ఆ మౌనమే సంకేతమైనది. ఈ ఏ-టి భాషను పాఠకులు గుర్తుంచుకొందురుగాక. దీని పని ఇంకను తీరలేదు.

మన దేశమున రెండు పాయలు పదునైదు దినముల తేడాతో పుట్టినవి. 1995 జులై 31న కలకత్తానుండి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు ఢిల్లీలోని కేంద్రమంత్రి సుఖ్‌రామ్‌తో మొబైల్ ఫోనులో మాటాడెను. ఆగస్టు 15న వి.ఎస్.ఎన్.ఎల్. సంస్థ చందాదారులకు ఇంటర్నెట్టు తలుపు తెరచెను. ఆ రెండు పాయలును మన ఇండ్లలో ఒకే పరికరమున కలియుటకు ఒక పుష్కరకాలమునకు మించి పట్టినది.

ఆ నడుమనున్న డయల్-అప్ కాలమును ఎరిగినవారికి మోడెము పాట జ్ఞాపకముండును. మొదట డయలు టోను, తరువాత కీచుమను శ్రుతి, పిదప ఇసుకను జల్లించినట్టి గరగర. రెండు మోడెములు ఒకదాని శక్తిని ఒకటి కనుగొనుచున్న చప్పుడది. నెట్టు నడచునంతసేపు టెలిఫోను ఎంగేజి. మేనమామ ట్రంకుకాలు చేసినను అందదు. 1998లో స్థిరపడిన ప్రమాణము ప్రకారము దాని గరిష్ఠవేగము సెకనుకు 56 కిలోబిట్లు. మన ఇండ్ల తీగలపై అంత వేగము అందుట అరుదు. వానకాలమున పిడుగుపాటు తీగవెంబడి వచ్చి మోడెమును కాల్చివేయుటయు కలదు. ఆ భయము మాత్రము నేటి వ్రేలెడు మోడెమునకు లేదు. దానికి తీగయే లేదు గదా!

భారత ప్రభుత్వము 2004లో ప్రకటించిన విధానమున, ఎల్లవేళల తెరచియుండి సెకనుకు 256 కిలోబిట్లకు తగ్గనిదానికి బ్రాడ్‌బ్యాండ్ అను పేరు పెట్టినది. ఆ హద్దు 2013లో 512 కిలోబిట్లకును, 2023లో 2 మెగాబిట్లకును పెరిగినది. 2004 నాటి బ్రాడ్‌బ్యాండ్ ప్రధానముగా రాగితీగను నమ్ముకొన్నది. తీగ లేని వీథికి, తీగ త్రుప్పుపట్టిన ఊరికి, ఆ పేరు వార్తాపత్రికలోని మాటగానే మిగిలినది.

మొబైల్ ఫోనుల త్రోవను చూతము. 1991లో ఫిన్‌లాండులో మొదలైన జి.ఎస్.ఎం. పద్ధతి ప్రధానముగా మాటకొరకు పుట్టినది. దానిపై కంప్యూటరు సమాచారమును పంపినచో సెకనుకు 9.6 కిలోబిట్లు. పైగా పంపినను పంపకున్నను కాలమునకు కిరాయి. రైలుపెట్టె నంతయు ఒకరికే కుదుర్చుకొని, అందులో ఒక్క సంచిని పంపినట్లు. 2000 ప్రాంతమున వచ్చిన జి.పి.ఆర్.ఎస్. ఈ రీతిని మార్చినది. సమాచారమును చిన్న చిన్న పొట్లములుగా కట్టి, ఎవరికి పనిపడినప్పుడు వారు తపాలాపెట్టెలో వేయునట్లు చేసినది. ఎంత బరువు పంపితిమో అంతకే రుసుము. నేటి డేటా ప్యాకులన్నింటికి మూలము ఈ లెక్కయే. 2001 అక్టోబరు 1న జపానులో ఎన్.టి.టి. డోకోమో సంస్థ 3జి సేవను ప్రారంభించెను. దానికి తోడు తరువాతి నాలుగైదేండ్లలో వచ్చిన హెచ్.ఎస్.డి.పి.ఏ. అను మెరుగుతో వేగము మెగాబిట్లకు ఎదిగినది. అప్పటికి మోడెము లాప్‌టాప్ ప్రక్కను దూర్చు రేకుబిళ్లవంటి పి.సి. కార్డు రూపమున నుండెను. బల్లపై కంప్యూటరు గలవారికి ఆ చీలికయే లేదు.

ఆ చిక్కును విడదీసినది యు.ఎస్.బి. 1996 జనవరిలో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, ఐ.బి.ఎం. మొదలైన ఏడు సంస్థలు కూడి దీని మొదటి ప్రమాణమును వెలువరించినవి. ఇంటెల్‌లో ఆ పనికి ముందునడచిన ఇంజనీరు అజయ్ భట్, బరోడాలోని మహారాజా శాయాజీరావు విశ్వవిద్యాలయమున చదివినవాడు. ఇంటిలో ప్రింటరును తగిలించుటకు పడిన పాట్లే తనకు ఈ తలపును పుట్టించినవని ఆయన చెప్పియున్నాడు. ఒకే ఆకారపు రంధ్రము. తగిలించిన వస్తువు తానెవరో తానే చెప్పుకొనును. దానికి కావలసిన విద్యుత్తును కూడ కంప్యూటరే ఇచ్చును. ఈ మూడును గృహస్థునికి ఎంత సుఖమో, వానిలో నడిమిది అంత ప్రమాదమునకు తావిచ్చినది. దానిని కొంచెము తరువాత విప్పెదము.

ముందు విద్యుత్తు మాట. 2000లో వచ్చిన యు.ఎస్.బి. 2.0 ప్రకారము ఒక రంధ్రము 5 వోల్టుల వద్ద ఇయ్యగలిగినది 500 మిల్లీ ఆంపియర్లు. మోడెము రేడియో గ్రాహకము మాత్రమే కాదు, ప్రసారిణి కూడ. టవరు దూరమైనకొలది అది గట్టిగా అరవవలెను. గట్టిగా అరచునపుడు ఎక్కువ విద్యుత్తు త్రాగును, వేడెక్కును. సంకేతము బలహీనమైన ఇంటిలో మోడెము మాటిమాటికి తెగిపోవుచున్నదనిన, నేరము కంపెనీదే కానక్కరలేదు. నాలుగు పరికరములు తగిలించిన చవుక హబ్బులో దానిని కూడ దూర్చియుందురు. మోడెమును నేరుగా కంప్యూటరునకే తగిలించుట మేలు. అంతకన్న మేలు, మూరెడు యు.ఎస్.బి. పొడిగింపు తీగను కొని, మోడెమును కిటికీ దగ్గర వ్రేలాడదీయుట. సంకేతము పెరుగును, వేడి తగ్గును, పిల్లల మోచేయి తగిలి మెడ విరుగుట తప్పును. లాప్‌టాప్‌ను ఒడిలో పెట్టుకొని ప్రక్కకు పొడుచుకొనివచ్చిన మోడెముతో మంచముపై పొర్లువారు, విరుగునది మోడెము ఒక్కటే కాదని తెలిసికొనవలెను. కంప్యూటరు రంధ్రము కూడ వదులైపోవును.

చైనాలోని షెన్‌జెన్ నగరపు హువావే సంస్థ 2006లో ఇ-220 అను మోడెమును తెచ్చెను. నదిలోని గులకరాయివలె నునుపైన తెల్లని బిళ్ల. వోడాఫోన్ సంస్థ దానిని యూరప్‌లో అమ్మినది. దానితో ఒక క్రొత్త కిటుకు జనులలోనికి వచ్చినది. అంతవరకు ఏ పరికరమును కొన్నను ఒక సి.డి. వెంటవచ్చెడిది. ఆ సి.డి. పోయినచో పరికరము పనికిరాదు. తయారీదారులు సి.డి.ని మోడెము కడుపులోనే దాచిరి. మోడెమును తగిలింపగానే అది 'నేను మోడెమును' అని చెప్పదు, 'నేను సి.డి. డ్రైవును' అని బొంకును. విండోస్ దానిని నమ్మి, 1995నుండి తనకున్న ఆటోరన్ అలవాటు చొప్పున, అందలి కార్యక్రమమును నడుపును. ఆ కార్యక్రమము స్థిరపడిన పిదప మోడెము వేషము మార్చి మోడెమగును. లినక్స్ వాడువారు ఈ నాటకమునకు చాలకాలము విసిగిరి. ఆ వేషమును మార్పించుటకే యు.ఎస్.బి. మోడ్‌స్విచ్ అను ప్రత్యేక సాధనము పుట్టినది.

గృహస్థునికి ఇందువలన మేలు జరుగలేదనలేము. ఇంజనీరు రానక్కరలేకయే బామ్మగారు సైతము నెట్టును కలుపుకొనగలిగిరి. కాని తగిలించిన వస్తువు ఏది చెప్పిన దానిని నమ్మి, అడుగకయే దాని కార్యక్రమమును నడుపుట ఎంతటి చేటో లోకమునకు 2008 నవంబరులో బయలుదేరిన కాన్‌ఫికర్ అను పురుగు చూపినది. అది వ్యాపించిన మార్గములలో ఒకటి ఈ ఆటోరనే. మైక్రోసాఫ్ట్ 2009లో విండోస్ 7తోను, 2011లో పాత విండోస్‌లకు ఇచ్చిన సవరణతోను, పెన్ డ్రైవులకు ఆటోరన్‌ను మాన్పించినది. సి.డి.లకు మాన్పింపలేదు. మోడెము సి.డి. వేషమున వచ్చునది గనుక ఆ కట్టడి దానిని తాకలేదు! పైపెచ్చు పెక్కు మోడెములకు మైక్రో ఎస్.డి. కార్డు చీలిక కూడ ఉండెను. ఊరందరి కంప్యూటర్లకు తగిలిన ఆ కార్డుతో పురుగులును ప్రయాణించెడివి. 2014లో కార్‌స్టెన్ నోల్, యాకోబ్ లెల్ అను జర్మన్ పరిశోధకులు లాస్ వెగాస్ సభలో ఇంకొక అడుగు ముందుకు చూపిరి. కొన్ని యు.ఎస్.బి. వస్తువుల లోపలి కార్యక్రమమునే మార్చివేసి, పెన్ డ్రైవు చేత 'నేను కీబోర్డును' అని చెప్పించి, యజమాని వ్రేళ్లు కదలకయే ఆజ్ఞలు టైపు చేయించవచ్చునని. వస్తువు తానెవరో తానే చెప్పుకొను ఏర్పాటునకు ఇది ఫలము.

కనుక మోడెమును సీలు తీయని పెట్టెలో, నమ్మకమైన అంగడిలో కొనవలెను. పరాయివాని వాడుక మోడెమును చవుకకు కొనుట, ఎవరు తొడిగిరో తెలియని చెప్పును తొడుగుటకన్న చెడ్డది. ఆటోరన్‌ను కంప్యూటరులో మాన్పి, కార్యక్రమమును చూచి, మనమే నడుపుకొనుట మంచిది. ఇప్పటి విండోస్, లినక్స్, మాక్ కంప్యూటరులు చాల మోడెములను తమంతట తామే గుర్తించును గనుక, కడుపులోని పాత కార్యక్రమమును స్థాపింపనక్కరలేని సందర్భములే ఎక్కువ. ముందు దానిని లేకుండ ప్రయత్నించి చూడవలెను.

అమర్చుటలో మూడు సంగతులు కలవు. సిమ్ కార్డును కంప్యూటరునకు తగిలింపక మునుపే మోడెములో పెట్టవలెను. పిదప ఏ.పి.ఎన్. అను పేరును వ్రాయవలెను. కంపెనీ జాలములోనుండి ఇంటర్నెట్టులోనికి తెరచు ద్వారము పేరది, బి.ఎస్.ఎన్.ఎల్.కు 'బిఎస్ఎన్ఎల్‌నెట్', జియోకు 'జియోనెట్' అట్లు, ఇంగ్లీషు చిన్న అక్షరములతో. ఇక డయలు చేయు నంబరు. పాత మోడెములలో అది నక్షత్రము, తొంబదితొమ్మిది, హాష్ గుర్తు. తీగయు లేదు, అవతల టెలిఫోనును లేదు, అయినను నంబరేల? కంప్యూటరునకు మోడెము అనిన 1981 నాటి హేస్ మోడెమే గనుక. 'కలుపు' అని నొక్కినప్పుడు కంప్యూటరు పంపునది ఏ, టి, డి అని మొదలగు ఆనాటి ఆజ్ఞయే. సంకేతబలమును చూపు గీతలును 'ఏ-టి'తో మొదలగు ఒక ప్రశ్నకు వచ్చిన జవాబే: సున్న మొదలు 31 వరకు ఒక అంకె. మేము ఈ ముచ్చటను ఇంత విడమరచుటకు కారణము కలదు. రబ్బరు గిన్నెల కాలము పోయి ఎంతకాలమైనను, పాత భాష క్రొత్త నోటిలో బ్రతికియున్నది. ఇట్టివి చరిత్రలో తరచుగా కనబడవు.

నాలుగవ సంగతి పలువురు విడిచిపెట్టునది: సిమ్ పిన్. నాలుగు మొదలు ఎనిమిది అంకెల రహస్యము. దానిని పెట్టుకొన్నచో మోడెమును ప్రతి పర్యాయము తగిలించినప్పుడు అడుగును. మూడుమార్లు తప్పుచెప్పినచో సిమ్ మూగబోవును. కంపెనీ ఇచ్చిన ఎనిమిదంకెల పి.యు.కె. చెప్పినగాని తెరచుకొనదు, అదియు పదిమార్లు తప్పినచో ఆ కార్డు ఇక పనికిరాదు. ఇంత కఠినమైన తాళమును మన ఇండ్లలో వాడువారు తక్కువ. మోడెము పోయినచో డబ్బు పోయెనని మాత్రము తలచుదురు. అందలి సిమ్ మీ పేర, మీ గుర్తింపుపత్రముపై ఇచ్చినది. దానిని తీసి ఫోనులో వేసికొన్నవాడు మీ పేరుతో లోకముతో మాటాడగలడు. ఆ సంఖ్యకు బ్యాంకు రహస్యాంకెలు వచ్చుచున్నచో వానిని చదువగలడు. పోలీసువారి మొదటి ప్రశ్న పేరుగలవానికే వచ్చును. పోయిన వెంటనే కంపెనీకి తెలిపి సిమ్మును నిలిపివేయించుట, పోలీసు ఫిర్యాదు ఇచ్చుట అవసరము. మోడెముపై అచ్చువేసిన పదునైదంకెల ఐ.ఎం.ఇ.ఐ. సంఖ్యను ముందే వ్రాసి యుంచుకొనుట మంచిది.

ఇచ్చట రేడియో గల ఇంటివారికి ఒక భేదమును చెప్పవలెను. మీ రేడియో వినునే గాని పలుకదు. మీరు ఏ కేంద్రమును త్రిప్పితిరో, ఏ పాటకు శబ్దము పెంచితిరో, మాకు తెలియదు. మీరు జాబు వ్రాసిననే తెలియును. మోడెము అట్టిది కాదు. అది వినుచు పలుకుచున్నది. అది ఏ టవరు నీడన నున్నది, ఎంతసేపు మేల్కొన్నది, ఎంత మోసినది, కంపెనీ పద్దులో పడుచునే యుండును. సున్నితమైన రేడియో సెట్టుల యొద్ద జి.ఎస్.ఎం. మోడెము కాని ఫోను కాని యున్నచో ఆ పలుకును చెవితోనే వినవచ్చును: స్పీకరులో వచ్చు టకటక బుర్రుమను చప్పుడు. సెకనుకు ఇంచుమించు 217 మార్లు ప్రసారిణి వెలిగి ఆరుటయే ఆ చప్పుడు. 3జి పద్ధతిలో ప్రసారము ఎడతెగక సాగును గనుక ఆ బుర్రుమనుట లేదు. కావున 3జి మోడెము ప్రక్కనున్న రేడియో ఆ చప్పుడు చేసినచో, మోడెము 2జి మెట్టునకు దిగజారినదని గ్రహింపవచ్చును.

దిగజారుట వేగమునకే కాదు, భద్రతకును నష్టము. 2జి పద్ధతిలో టవరు సిమ్మును 'నీవెవరవు?' అని పరీక్షించును. సిమ్ టవరును తిరిగి పరీక్షింపదు. కనుక దొంగ టవరును నిలిపి మోసగించుట సాధ్యము. 2జి మాటలను మరుగుపరచు ఎ5/1 అను పద్ధతిని ఛేదించుటకు కావలసిన పట్టికలను పైన చెప్పిన నోల్ మొదలగువారు 2009 డిసెంబరు బెర్లిన్ సభలో వెల్లడించిరి. 3జి నుండి సిమ్మును టవరును పరీక్షించును. మోడెము అమరికలో 'ఆటో' అనుదానికి మారుగా 3జి లేక 4జి మాత్రమే యని నిర్ణయించు వీలు చాలవానియందు కలదు. సంకేతము చాలినంతకాలము అట్లుంచుట యుక్తము.

మన దేశమున 3జి కథ త్వరగా చెప్పవచ్చును. 2008 డిసెంబరులో ఎం.టి.ఎన్.ఎల్. ఢిల్లీలో ప్రారంభించినది, 2009 ఫిబ్రవరిలో బి.ఎస్.ఎన్.ఎల్. అందుకొన్నది. ప్రైవేటు సంస్థలకు తరంగములు 2010 ఏప్రిల్, మే నెలలలో 34 దినములు సాగిన వేలముద్వారా లభించినవి. ఆ వేలము 67 వేల కోట్ల రూపాయలకు పైబడి తెచ్చినది. ఈలోపల రిలయన్స్ నెట్‌కనెక్ట్, టాటా ఫోటాన్ వంటివి సి.డి.ఎం.ఏ. మార్గమున సెకనుకు 3.1 మెగాబిట్ల గరిష్ఠవేగము చెప్పుకొని నగరములలో అల్లుకొనెను. ప్రకటనలోని వేగము ఒకటి, రాత్రి తొమ్మిది గంటలకు హాస్టలులో అందు వేగము వేరొకటి. ఒక టవరును ఎందరు పంచుకొందురో అందరికిని అది భాగమగును.

తీగ మోడెము కాలమునుండి వచ్చిన మరియొక ప్రమాదమును మరువరాదు. మోడెముద్వారా కంప్యూటరు నేరుగా లోకమునకు ఎదురై నిలుచును. నడుమ రౌటరు అడ్డము లేదు. 2003 ఆగస్టులో బ్లాస్టర్ అను పురుగు ఇట్లు తలుపు తెరచియున్న విండోస్ యంత్రములలోనికి, యజమాని ఏమియు నొక్కకయే ప్రవేశించినది. ఆ దెబ్బ తిన్న తరువాతనే 2004 ఆగస్టు సవరణతో విండోస్ ఎక్స్.పి.లో ఫైర్‌వాల్ తనంతట తాను ఉండునట్లు చేయబడినది. నేడు కొన్ని కంపెనీలు చందాదారులకు బయటివారికి అందని చిరునామాలు ఇచ్చుచున్నను, దానిని నమ్ముకొనరాదు. మోడెమును మొదట కలిపినప్పుడు కంప్యూటరు 'ఇది ఇల్లా, బయలా?' అను భావముతో ప్రశ్నించును. 'పబ్లిక్', అనగా బయలు అనియే చెప్పవలెను. ఫైర్‌వాల్‌ను ఎన్నడును ఆపరాదు.

2013లో ఆమ్‌స్టర్‌డామ్ బ్లాక్‌హాట్ సభలో నికితా తరకనోవ్, ఒలెగ్ కుప్రేయెవ్ అను ఇద్దరు పరిశోధకులు ఈ మోడెములనే బల్లపై పెట్టిరి. కడుపులో దాచిన సి.డి. బొమ్మను తీసి, మార్చి, మరల వ్రాయవచ్చునని చూపిరి. తరువాతి తరపు మోడెములు కంప్యూటరునకు నెట్‌వర్కు కార్డువలె కనబడి, బ్రౌజరులో 192.168.8.1 వంటి చిరునామాకు పోయినచో తమ అమరికల పుటను చూపును. వై-ఫై ఇచ్చు మోడెములలో ఆ పుట ఇరుగుపొరుగువారికిని అందగలదు. అచ్చువేసి ఇచ్చిన 'అడ్మిన్' అను రహస్యపదమును మొదటిదినముననే మార్చవలెను. తయారీదారు సవరణ ఇచ్చినచో పెట్టుకొనవలెను. చాలమంది తయారీదారులు రెండు మూడేండ్లలో తమ మోడెమును మరచిపోవుట ఈ వ్యాపారమునకున్న పెద్ద లోపమని మా యభిప్రాయము.

ఖర్చు మాట యొకటి మిగిలినది. జి.పి.ఆర్.ఎస్. తెచ్చిన బరువు లెక్క, దేశపు పొలిమేర దాటగానే పదిరెట్లు, నూరురెట్లగును. సెలవులకు పోయినవారికి ఇల్లమ్ముకొనునంతటి బిల్లులు వచ్చెనన్న గోల యూరప్‌లో పెద్దదై, 2010 జులై 1నుండి, వేరే కోరనివారందరికి 50 యూరోలవద్ద డేటా ఆగునట్లు యూరోపియన్ యూనియన్ శాసించెను. విదేశములకు మోడెమును తీసికొనిపోవు మన పిల్లలు డేటా రోమింగును ఆపియుంచి, అక్కడి సిమ్మును కొనుట నయము. దేశములో నున్నప్పుడు కంప్యూటరులో ఈ మార్గమును 'మీటర్డ్' అని గుర్తించినచో, విండోస్ తన పెద్ద సవరణలను చాలవరకు అడుగక తెచ్చుకొనదు.

2010 మే నెలలో ఆండ్రాయిడ్ 2.2 వెలువడి, ఫోనే హాట్‌స్పాట్ కాగలిగినది. 2012 ఏప్రిల్‌లో ఎయిర్‌టెల్ కలకత్తాలో 4జి మొదలుపెట్టినది. 2016 సెప్టెంబరు 5న జియో వచ్చిన పిదప వ్రేలెడు మోడెము వెల తగ్గినది, విలువయు తగ్గినది. 2017లో రిలయన్స్ కమ్యూనికేషన్స్ మొబైల్ సేవను ముగించినది. టాటా మొబైల్ వ్యాపారము 2019లో ఎయిర్‌టెల్‌లో కలిసినది. ఎయిర్‌టెల్ 2020 నాటికి 3జి ని ఆపివేసినది. జియోకు 3జి మొదటినుండియు లేదు. కావున సొరుగులోని మోడెముపై సి.డి.ఎం.ఏ. కంపెనీ ముద్ర యున్నచో అది ఏ టవరుతోను మాటాడజాలదు. 3జి మోడెమైనచో, దానిని కొనసాగించుటకు డబ్బు పెట్టకముందు మీ ప్రాంతమున ఆ సేవ యున్నదో లేదో కంపెనీనే అడుగవలెను. క్రొత్తది కొనువారు 4జి అను మాటతో తృప్తిపడక, తమ కంపెనీ వాడు తరంగములను అది అందుకొనునో లేదో పెట్టెపై చూడవలెను.

పాతదానిని పారవేయుటకు ముందు సిమ్మును, మైక్రో ఎస్.డి. కార్డును తీయవలెను. సిమ్ తీసినంతమాత్రమున ఆ సంఖ్య మీ పేరనుండి తొలగిపోదు. కంపెనీకి చెప్పి దానిని మూయించవలెను. ఆ సంఖ్యను ఏ బ్యాంకునకైన ఇచ్చియున్నచో ముందుగా మార్పించవలెను. పిదప మోడెమును చెత్తకుండిలో వేయక, 2023 ఏప్రిల్ 1నుండి అమలులో నున్న ఇ-వ్యర్థముల నిబంధనల ప్రకారము సేకరణ జరుపు కేంద్రమునకు అప్పగించవలెను.